పాత అంబాసిడర్, ఫియట్‌లలో మీటర్ కేబుల్: విప్పడం నుంచి టెస్టింగ్ దాకా

స్పీడు చూపే మీటర్ ముల్లు ఊగడం మొదలవగానే షెడ్డులో వినిపించే మొదటి మాట "కేబుల్ పోయింది సార్, మార్చేద్దాం". మారుస్తారు. కొన్నాళ్ళు బాగుంటుంది, మళ్ళీ ఊగుతుంది, లేదా కొత్త కేబులే పుటుక్కున తెగుతుంది. కేబుల్ ఊరికే తెగదు. పైనున్న మీటరో, కింద గేర్‌బాక్స్‌లో ఉండే పినియన్ అనే చిన్న పళ్ళ చక్రమో, మధ్యలో కేబుల్‌ని వంచి తీసుకెళ్ళిన దారో, ఈ మూడింట్లో ఏదో ఒకటి దాన్ని తినేస్తుంది. అదేదో కనిపెట్టకుండా కేబుల్ మారిస్తే డబ్బు దండగ.

ఇక్కడ రాసేది ముఖ్యంగా మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి పుట్టిన అంబాసిడర్, ఫియట్ 1100, దాని తర్వాతి ప్రీమియర్ పద్మిని లాంటి బళ్ళ గురించి. మీటర్ వెనక తిరిగే కేబుల్ ఉన్న ఏ పాత బండికైనా పద్ధతి ఇదే, పాత బుల్లెట్‌కి కూడా, కాకపోతే అందులో కేబుల్ ముందు చక్రం నుంచి వస్తుంది. మీ బండిలో ఎలక్ట్రానిక్ సెన్సర్ మీటర్ ఉంటే మాత్రం ఇదంతా మీకు పనికిరాదు.

ముందు లోపల ఏం జరుగుతోందో చూద్దాం

గేర్‌బాక్స్ వెనక భాగంలో, వెనక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి వెళ్ళే షాఫ్ట్ మీద ఒక వార్మ్ గేరు (మరలాంటి గాడి ఉన్న గేరు) ఉంటుంది. దానికి చిన్న పినియన్ కలిసి ఉంటుంది. పినియన్‌లో దూరే నాలుగు పలకల కొస కేబుల్ ఇన్నర్‌ది. ఇన్నర్ అంటే, అవుటర్ అనే తొడుగు గొట్టం లోపల ఉండే, పొరలు పొరలుగా చుట్టిన సన్నటి ఉక్కు తీగ. క్లచ్ కేబుల్‌లా ఇది లాగదు, తిరుగుతుంది. అందుకే దీన్ని తీగలా కాకుండా ఒంగే షాఫ్ట్‌లా చూడాలి. ఈ ఒక్కటి గుర్తుంటే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

పై కొస మీటర్‌లోని అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని చుట్టూ ముట్టుకోకుండా పలచటి అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం తిరిగే కొద్దీ గిన్నెలో ఎడ్డీ కరెంట్లు (సుడులు తిరిగే విద్యుత్తు) పుట్టి గిన్నెను వెంట లాగుతాయి, సన్నటి స్ప్రింగు వెనక్కి పట్టి ఉంచుతుంది, ఆ రెండింటి మధ్య తూకం కుదిరిన చోట ముల్లు నిలుస్తుంది. కిలోమీటర్ల అంకెలు మాత్రం అయస్కాంతాన్ని తిప్పే అదే కదురు (సన్నటి ఇరుసు) నుంచి పళ్ళ చక్రాలతో నేరుగా తిరుగుతాయి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, లోపం ఎక్కడుందో బండి కిందకి దూరకుండానే దీంతో తేల్చుకోవచ్చు.

ముల్లు కదలదు, అంకెలూ కదలవు: కేబుల్ తెగింది, లేదా ఏదో ఒక కొసలో పలకలు అరిగి గుండ్రమయ్యాయి, లేదా పినియన్ పళ్ళు పోయాయి. అంకెలు తిరుగుతున్నాయి, ముల్లు మాత్రం పడుకునే ఉంది: కేబుల్ బాగానే ఉంది, దాని జోలికి వెళ్ళకండి, మీటర్ లోపల పని ఉంది. ముల్లు పనిచేస్తోంది, అంకెలు ఆగిపోయాయి: ఇదీ మీటర్‌దే, లోపలి చిన్న పళ్ళ చక్రం అరిగి ఉంటుంది. ముల్లు ఒకే లయలో ఊగుతోంది, ముఖ్యంగా 20, 30 వేగంలో: ఇన్నర్ ఎక్కడో మడత పడింది, లేదా ఎండిపోయింది, లేదా అవుటర్‌ని మరీ గట్టిగా వంచారు. కీచుమని అరుస్తూ ముల్లు ఒక్కసారిగా చివరిదాకా లేచింది: మీటర్ కదురు ఎండి పట్టేస్తోంది, ఇంకొంత దూరం అలాగే నడిపితే కేబుల్‌ని తెంపేస్తుంది. ముల్లు నిలకడగానే ఉంది కానీ ఎప్పుడూ ఎక్కువో తక్కువో చూపిస్తోంది: టైరు సైజు, లేదా వేరే బండి మీటర్, పినియన్ కలిపిన వ్యవహారం. దీని సంగతి చివర్లో.

సామాను

పానాలు, ప్లయర్, టార్చి, కిరసనాయిలు, నూలు పోగులు రాలని గుడ్డ, సన్నటి గ్రీజు, చక్రాల కింద పెట్టడానికి దిమ్మలు, స్పీడు తగ్గించుకునే వీలున్న డ్రిల్లు, కొలతకి టేపు. బండిని పైకి లేపాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టండి. బ్యాటరీ వైరు ఒకటి తీసేయండి. పాత డ్యాష్‌బోర్డుల వెనక ఫ్యూజు లేకుండా నేరుగా కరెంటు వచ్చే చోట్లు ఉంటాయి, కరెంటు కొలిచే ఆమీటర్ బోల్టులు మరీ ముఖ్యంగా. చేతికి ఉంగరమో కడియమో ఉండి పానా అక్కడ తగిలిందంటే ఇక చూసుకోనక్కర్లేదు.

ఇంకో మాట. డ్యాష్ వెనక చెయ్యి పెట్టగానే తగిలే ప్రతి సన్నటి గొట్టమూ కేబుల్ కాదు. కొన్ని పాత బళ్ళలో ఆయిల్ ప్రెషర్ గేజికి ఇంజిన్ నుంచి సన్నటి గొట్టం వస్తుంది, అందులో ఒత్తిడితో ఉన్న వేడి ఆయిల్ ఉంటుంది. టెంపరేచర్ గేజికి వచ్చే రాగి తీగలాంటిది నిజానికి సీలు వేసిన గొట్టం, స్మిత్స్ అనే బ్రిటిష్ కంపెనీ గేజిల్లో ఈథర్ నింపి ఉంటుంది. దాన్ని తెంపినా, మడత పడి చీలినా గేజి అక్కడితో సరి, ఆ గొట్టాన్ని గేజి నుంచి విప్పదీయడం కుదరదు. దాన్ని కదిలించాల్సి వస్తే వదులుగా చుట్టగా ఉంచి పక్కకి జరపండి, అంతే.

విప్పడం

పైనుంచి మొదలుపెట్టండి. మీటర్ వెనక గరుకు అంచున్న నట్టు ఉంటుంది, వేళ్ళతో విప్పేలా చేసిందే అది. ఏళ్ళ తరబడి కదలకపోతే ప్లయర్‌తో కొద్దిగా కదిపి, తర్వాత మళ్ళీ వేళ్ళతోనే తిప్పండి. చెయ్యి దూరకపోతే మీటర్‌ని ముందుకి లాగి చూడండి, మీటర్‌ని పట్టి ఉంచే పట్టీలు విప్పితే కొంచెం ముందుకొస్తుంది. బలవంతంగా లాగితే కేబుల్ మెడ దగ్గరే మడత పడుతుంది.

నట్టు వచ్చాక వెంటనే కేబుల్ తీసేయకండి. బండి న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వదిలి, ఎవరినైనా ముందుకి తొయ్యమనండి. ఇన్నర్ కొస తిరుగుతోందా? తిరిగితే పినియన్, కేబుల్ రెండూ కలిసే ఉన్నాయి. అలా తిరుగుతున్న కొసని వేళ్ళతో మెత్తగా పట్టుకుంటే ఒక్కోసారి ఆగిపోతుంది, అంటే కింది కొసలో పలకలు అరిగాయన్నమాట. మీటర్ పక్కని కూడా ఇప్పుడే చూసుకోండి. దాని రంధ్రంలో సరిపోయే చిన్న నాలుగు పలకల పుల్లని దూర్చి వేళ్ళతో తిప్పితే ముల్లు ఒక్క క్షణమైనా కదలాలి, కదురు తేలిగ్గా తిరగాలి. గట్టిగా ఉంటే ఆగిపోండి. ఆ మీటర్‌కి కొత్త కేబుల్ తగిలిస్తే అదీ తెగుతుంది.

ఇన్నర్‌ని పైనుంచి మెల్లగా లాగండి. చాలా కేబుళ్ళలో పూర్తిగా వచ్చేస్తుంది. కొన్నింటిలో ఒక కొసన చిన్న క్లిప్పో వాషరో అడ్డం ఉంటుంది, అలాంటప్పుడు రెండో కొస నుంచి లాగాలి. రెండు కొసలూ నొక్కేసి ఇన్నర్ బయటికి రాకుండా చేసిన కేబుళ్ళు కూడా ఉన్నాయి, వాటికి గ్రీజు పెట్టే ఆశ పెట్టుకోకండి, అరిగినప్పుడు మార్చడమే. మధ్యలో తెగి ఉంటే పైముక్క పైనుంచి వస్తుంది, కిందిది గేర్‌బాక్స్ వైపు నుంచి తియ్యాలి. రెండు ముక్కలూ కలిపి పొడవు కొలిచి, మధ్యలో ఏ ముక్కా లోపల మిగల్లేదని తేల్చుకోండి. ఎక్కడ తెగిందో గుర్తు పెట్టుకోండి, అక్కడ అవుటర్ ఎలా ఒంగి ఉందో చూస్తే సగం కారణం దొరుకుతుంది.

కడిగి చూడటం

ఇన్నర్‌ని కిరసనాయిల్లో నానబెట్టి గుడ్డతో తుడవండి. పెట్రోలు ఇంకా శుభ్రంగా కడుగుతుంది కానీ మూసిన గ్యారేజీలో ఆ పని వద్దు. తుడిచేటప్పుడు తీగ మీద వేళ్ళు మెల్లగా జారనివ్వండి, గుడ్డకి పోగులు తగులుతున్నాయంటే పొర విడిపోతోందని అర్థం. అలాంటి ఇన్నర్‌కి గ్రీజు పెట్టి లాభం లేదు.

తర్వాత అసలు పరీక్ష. శుభ్రమైన నున్నటి బల్ల మీద దాన్ని చాచి పెట్టి, రెండు కొసలూ వేళ్ళతో పట్టుకుని ఒకేసారి తిప్పండి. నిటారుగా ఉన్న తీగ నిశ్శబ్దంగా దొర్లుతుంది. మడత ఉన్నది ఒక్కో చుట్టుకి ఒకసారి ఎగిరిపడుతుంది. ముల్లు లయగా ఊగేది ఈ ఎగిరిపాటు వల్లే. ఇన్నర్‌లోని మడతని చేత్తో సరిచేస్తే చూపుకి బాగుపడినట్టుంటుంది, తిరిగేటప్పుడు మాత్రం మళ్ళీ బయటపడుతుంది. మార్చేయండి.

అవుటర్ వైపు చూడండి. పైతోలు ఎండకి పెళుసెక్కి పగిలిందా, ఎగ్జాస్ట్ గొట్టానికి తగిలి కరిగిందా, ఫ్లోర్ రంధ్రం దగ్గర రబ్బరు బుష్షు లేక రేకు అంచుకి కోసుకుపోయిందా? పగుళ్ళలోంచి వానాకాలం నీళ్ళు దిగి లోపల తుప్పు చేస్తాయి, దుమ్ము వెళ్ళి గ్రీజుతో కలిసి రాపిడి పొడిలా పనిచేస్తుంది. పైనుంచి కిరసనాయిలు పోసి కిందనుంచి బయటికొచ్చే దాన్ని చూస్తే కథ తెలుస్తుంది. నల్లటి బంకంటే ముదిరిన గ్రీజు, ఎర్రటి నీళ్ళంటే తుప్పు, మిలమిల మెరిసే పొడంటే లోపలి చుట్టు అరిగిపోతోందన్నమాట. తేటగా వచ్చేదాకా పోసి, వేలాడదీసి, టైర్ల షాపు గాలితో ఊదించి పూర్తిగా ఆరనివ్వండి.

గ్రీజు: ఎక్కువమంది తప్పేది ఇక్కడే

సన్నటి గ్రీజు, లేదా గ్రాఫైట్ కలిపిన గ్రీజు చాలు. ఛాసిస్ నిపుల్స్‌కి కొట్టే చిక్కటి గ్రీజు వద్దు. డిసెంబరు తెల్లవారుజామున అరకు వైపు బండి తీస్తే ఆ గ్రీజు గట్టిపడి ముల్లు ఊగించడం మొదలుపెడుతుంది. ఇంజిన్ ఆయిల్ కిందకి జారిపోతుంది. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే తుప్పు వదిలించడానికి పనికొస్తుంది, గ్రీజుకి బదులు మాత్రం కాదు, కొద్దిరోజులకే ఆరిపోతుంది. అవుటర్ లోపల తెల్లటి ప్లాస్టిక్ లైనర్ ఉన్న కొత్తతరం కేబుళ్ళు కొన్ని పొడిగానే నడిచేలా చేస్తారు, వాటికి తయారీదారు చెప్పిందే చెయ్యండి.

రాసే తీరు: రెండు వేళ్ళకి గ్రీజు అద్దుకుని, ఇన్నర్‌ని వాటి మధ్యలోంచి లాగండి. తీగ మీద తలకి నూనె రాసినంత పలచగా మెరిస్తే చాలు, ముద్దలు కనబడకూడదు. అవుటర్‌లోకి దూర్చేటప్పుడు మెల్లగా తిప్పుతూ దూర్చండి, తీగ పినియన్‌లో కూర్చుంటే చేతికి తెలుస్తుంది. ఆ తర్వాత పైకొసని 20 సెంటీమీటర్ల దాకా మళ్ళీ బయటికి లాగి, ఆ భాగం మీదున్న గ్రీజు పూర్తిగా తుడిచి లోపలికి తొయ్యండి. పాత బ్రిటిష్ వర్క్‌షాప్ మాన్యువల్స్‌లో 8 అంగుళాలని చెప్పేది ఇదే. ఎందుకంటే తీగ చుట్లు తిరిగేటప్పుడు మరలాగా పనిచేసి గ్రీజుని పైకి తోడేస్తాయి. అది మీటర్‌లోకి ఎక్కి అయస్కాంతానికీ అల్యూమినియం గిన్నెకీ మధ్య చేరితే రెండూ అతుక్కుంటాయి, ముల్లు ఇష్టం వచ్చినట్టు ఎగురుతుంది, డయల్ మీద జిడ్డు మరకలొస్తాయి. అలా పాడైన మీటర్‌ని శుభ్రం చేయించే ఖర్చు ముందు కేబుల్ ఎంత చవకో అర్థమవుతుంది.

గేర్‌బాక్స్ కొస

విప్పినప్పుడు ఇన్నర్ మీద మీరు పెట్టని పలచటి ఆయిల్ కనబడితే అది గేర్‌బాక్స్ ఆయిల్. పినియన్ దగ్గర సీలు పోయింది. ఇక్కడ కొత్త కేబుల్ వేసినా ప్రయోజనం లేదు, అదే మర పద్ధతిలో ఆయిల్ పైదాకా ఎక్కుతుంది. అంబాసిడర్ డ్రైవర్ల కాళ్ళ మీద చుక్కలు పడటం, మీటర్ అద్దం లోపల తడి మెరవడం దీనివల్లే. పినియన్ ఉన్న గొట్టాన్ని విప్పి సీలు, వాషరు మార్చండి. విప్పగానే కాస్త ఆయిల్ కారుతుంది, కింద పళ్ళెం పెట్టుకోండి, పని అయ్యాక గేర్‌బాక్స్ లెవెల్ చూసి నింపండి. పినియన్ చేతిలో ఉండగానే దాని పళ్ళు, నాలుగు పలకల రంధ్రం టార్చి వేసి చూడండి. రంధ్రం గుండ్రమైపోతే ఎంత మంచి కేబుల్ పెట్టినా జారుతుంది.

దారి

కేబుల్ ఎటు వెళ్ళాలో కంపెనీ వాళ్ళు ఆలోచించే పెట్టారు. తర్వాత ఏసీ బిగించినవాళ్ళు, మ్యూజిక్ సిస్టమ్ పెట్టినవాళ్ళు దాన్ని ఎక్కడికో తోసేసి ఉంటారు. ఏ వంపూ 15 సెంటీమీటర్ల వ్యాసార్ధం కంటే చిన్నది కాకూడదు. మీటర్ వెనక కనీసం 5 సెంటీమీటర్లు నిటారుగా వెళ్ళాలి. ఎగ్జాస్ట్‌కి, క్లచ్ పెడల్ లింకులకి దూరంగా ఉండాలి. క్లిప్పులు కదలనివ్వకుండా పట్టుకోవాలి కానీ నలపకూడదు. ప్లాస్టిక్ టై గట్టిగా లాగి కట్టే అలవాటు మనవాళ్ళకి ఉంది, అది అవుటర్‌ని నొక్కేసి లోపల ఇన్నర్‌ని రాపాడిస్తుంది. ఫ్లోర్ రంధ్రం దగ్గర బుష్షు తప్పకుండా ఉండాలి.

బిగించడం, టెస్టింగ్

కింద బిగించాక పైకొసన ఇన్నర్ అవుటర్ కంటే సుమారు 10 మిల్లీమీటర్లు బయటికి రావాలి, ముందుకీ వెనక్కీ కాస్త ఆడాలి. మరీ ఎక్కువ వస్తే నట్టు బిగించగానే తీగ మీటర్ కదురుని నొక్కుతుంది, కీచుమనే అరుపు అక్కడ మొదలవుతుంది. తక్కువ వస్తే అందదు. చాలదంటే ముందు కింద పినియన్‌లో పూర్తిగా కూర్చోలేదేమో చూడండి. నట్టుని వేళ్ళతోనే బిగించండి, పానా వద్దు. నట్టు మర కుదరక వంకరగా బిగిస్తే కొస పక్కకి ఒరిగి, నెలలోపే అరుగుతుంది.

పై నట్టు బిగించే ముందే డ్రిల్లు పెట్టి మీటర్‌ని పరీక్షించవచ్చు. ఒక పాత ఇన్నర్ ముక్కని డ్రిల్లులో బిగించి మీటర్‌లో దూర్చి, ముందు వేళ్ళతో తిప్పి ముల్లు ఎటు తిప్పితే లేస్తుందో చూసి, డ్రిల్లుని అదే దిక్కులో మెల్లగా తిప్పండి. వెనక్కి తిప్పితే ముల్లు ఆపుడు పుల్లకి కొట్టుకుంటుంది. డయల్ మీద చిన్న అక్షరాల్లో అంకె ఒకటుంటుంది, స్మిత్స్ మీటర్‌లో అది మైలుకి కేబుల్ ఎన్ని చుట్లు తిరగాలో చెబుతుంది. 1000 అని ఉంటే నిమిషానికి 1000 చుట్లకి ముల్లు 60 మైళ్ళ దగ్గర నిలవాలి. అదే కిలోమీటరుకైతే సుమారు 621 చుట్లు. అంటే 450 ఆర్‌పీఎం తిరిగే డ్రిల్లు పెడితే దాదాపు 43 కిలోమీటర్ల వేగం చూపాలి.

మీటరుకీ గేర్‌బాక్సుకీ పొంతన ఉందో లేదో తేల్చే చవకైన దారి ఇది: నేల మీద 20 మీటర్లు గీత గీయండి, టైర్లలో గాలి సరిగ్గా ఉంచండి, కేబుల్ పైకొసకి కాగితపు జెండా అతికించి, బండిని న్యూట్రల్‌లో ఆ దూరం తోయించి చుట్లు లెక్కపెట్టండి. దాన్ని 50తో హెచ్చిస్తే కిలోమీటరు చుట్లు వస్తాయి. డయల్ మీద 1000 అని ఉన్న మీటర్‌కి ఇది 20 మీటర్ల దూరంలో 12న్నర చుట్లకి దగ్గరగా రావాలి. ఒక చక్రాన్నే లేపి చేత్తో తిప్పి లెక్కపెట్టకండి, డిఫరెన్షియల్ వల్ల రెండో చక్రం ఆగి ఉంటే లెక్క సగానికి సగం తప్పుతుంది. అంబాసిడర్‌కి మొదట్లో వచ్చినవి 5.90-15 టైర్లు, ఫియట్‌కి 5.20-14. వాటి స్థానంలో రేడియల్స్ వేసి ఉంటే చుట్టుకొలత మారిందేమో చూడండి. టైరు 3 శాతం చిన్నదైతే మీటర్ దాదాపు 3 శాతం ఎక్కువ చూపిస్తుంది, దానికి కేబుల్‌ని తిట్టి లాభం లేదు. ఆ తర్వాత ఫోన్లో జీపీఎస్ వేగం పెట్టుకుని, పక్కన కూర్చున్నవాళ్ళని చూడమని, ఖాళీ హైవే మీద నిలకడగా 50, 60 దగ్గర నడిపి సరిపోల్చండి.

టాకోమీటర్ కేబుల్ ఉంటే

టాకోమీటర్ అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది. మన అంబాసిడర్, ఫియట్‌లలో అరుదే కానీ, దిగుమతైన పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు ఉన్నవాళ్ళకి ఇది తప్పదు. కొన్నింటిలో క్యామ్‌షాఫ్ట్ నుంచి, కొన్నింటిలో డైనమో తోక నుంచి కేబుల్ వస్తుంది. పద్ధతి అదే, ఈ కేబుల్‌కి ఓపిక మాత్రం తక్కువ. మీటర్ కేబుల్ 60 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి ఆరువందల చిల్లర చుట్లు తిరుగుతుంటే, ఇంజిన్ వేగంలో సగం తిరిగే టాకో కేబుల్ 5000 దగ్గర 2500 చుట్లు తిరుగుతుంది. కాబట్టి చిన్న మడత కూడా వెంటనే వినిపిస్తుంది, గ్రీజు కూడా త్వరగా అడుగుతుంది. ఇంజిన్ వేడికి దగ్గరగా ఉంటుంది కనక అవుటర్ ముందు పాడవుతుంది.

కొత్తది కొనేటప్పుడు

"అంబాసిడర్ కేబుల్ ఇవ్వండి" అంటే ఏదో ఒకటి ఇస్తారు. పాతది చేత్తో పట్టుకెళ్ళండి. అవుటర్ పొడవు, రెండు నట్ల సైజు, పలకల కొస మందం, ఇన్నర్ ఎంత బయటికొస్తోంది, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. పొడవు ఎక్కువున్న కేబుల్‌ని చుట్ట చుట్టి సర్దేద్దామంటే ఆ చుట్టే రేపటి మడత. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో వెతికితే పాత మోడల్ సామాను దొరకొచ్చు, లేకపోతే అవుటర్ బాగుంటే దాని కొలతకి ఇన్నర్ కొసలు కొట్టి ఇచ్చేవాళ్ళని అడగండి. కొత్త ఇన్నర్‌ని కూడా బల్ల మీద దొర్లించి చూశాకే డబ్బివ్వండి, డబ్బాలో చుట్ట చుట్టి ఉంచినప్పుడే మడత పడినవి ఉంటాయి.

మామూలుగా 16,000 కిలోమీటర్లకి ఒకసారి ఇన్నర్ తీసి కడిగి గ్రీజు పెడితే సరిపోతుంది. ఆదివారాలు మాత్రమే బయటికి తీసే బండైతే కిలోమీటర్లు చూడకండి, రెండేళ్ళకొకసారి విప్పండి, కదలకుండా నిలబడిన గ్రీజే ముందు గట్టిపడుతుంది. ట్రిప్ మీటర్ ఉన్నవాళ్ళు దాన్ని బండి నడుస్తుండగా సున్నా చెయ్యకండి, ఆగాకే తిప్పండి. మీటర్ బిగించాక మొదటి కొన్ని కిలోమీటర్లు రేడియో ఆపేసి నడపండి, డ్యాష్ వెనక టిక్ టిక్‌మనో కీచుమనో వినిపిస్తే అక్కడే ఆపి పై నట్టు విప్పేయండి, కేబుల్ కొసకి గుడ్డ చుట్టి పక్కకి కట్టేసి మీటర్ లేకుండానే ఇంటికి తెచ్చుకోండి.